జీడి మానులో సున్నపు గూడు



మా మాస్టారి స్మారక ఉపన్యాసానికి పిలుపు వచ్చినప్పుడు ఖద్దరు గురించే మాట్లాడాలేమో అనుకున్నాను. పొందూరులో సభ అంటే అంతే కదా. నిర్వాహకులు మాత్రం, "మాస్టారికి ఇష్టమైన సంగతి ఏదైనా చెప్పండి, చాలు" అన్నారు. ఆయనకి ఏది ఇష్టమో ఆయన దగ్గర చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. పురుగులు. అందులోనూ మీసాల పురుగులు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి, "చెవి దగ్గర పెట్టుకోరా" అన్నారు. లోపల్నుంచి కిర్రు కిర్రుమని సన్నటి చప్పుడు. మూత తీస్తే ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగు పురుగు, అంగుళం మీద ఇంకొంచెం పొడవు. ఒంటి కన్నా పొడవైన మీసాలు రెండూ వెనక్కి వాల్చి ఉన్నాయి. "ఏ నోటితో అరుస్తోందో చూడు" అన్నారు. చూశాను. నోరు కదలడం లేదు, మెడ పైకీ కిందికీ ఊగుతోంది. మెడ మీది పలక అంచు దాని కిందున్న సన్నటి గరుకు గీతల మీద రాసుకుంటే పుట్టే చప్పుడు అది, దువ్వెన పళ్ల మీద గోరు గీస్తే వచ్చినట్టు. పట్టుకున్న చేతిని బెదిరించడానికి ఆ పురుగుకి ఉన్న ఆయుధాల్లో అదొకటి.

మాది జీడి తోటల ఉద్దానం అని ఆయనకి తెలుసు. "ఇది మీ తోటలో దొంగ. అడవిలో దీని ఉద్యోగం ఏమిటో పెద్దయ్యాక కనుక్కుని వచ్చి చెప్పు" అన్నారు. ఆ మాటకి జవాబు చెప్పడం ఆలస్యమైపోయింది. వినాల్సిన మనిషి లేరు. మీ అందరి ముందు ఆయనకే చెప్పుకుంటున్నాను అనుకోండి.

ఆ పురుగు శాస్త్రీయ నామం నియోప్లోసెడరస్ ఫెర్రుజీనియస్. పాత పుస్తకాల్లో ప్లోసెడరస్ అని ఉంటుంది. 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన జీవుల్లో ఇదొకటి. మన వ్యవసాయ శాఖ కాగితాల్లో దీన్ని జీడిమామిడి కాండం, వేరు తొలుచు పురుగు అంటారు. రైతులు తొలుపు పురుగు అనేసి ఊరుకుంటారు. సెరాంబిసిడే అనే పెద్ద కుటుంబంలోది. ఆ కుటుంబంలో ఇప్పటికి పేరు పెట్టిన జాతులే 35 వేలకు పైగా ఉన్నాయి. ఒక్క మన దేశపు మీసాల పురుగుల మీదే చార్లెస్ గహన్ 1906లో పెద్ద గ్రంథం వేశాడు. దేహ్రాదూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన బీసన్ 1941లో అచ్చువేసిన అడవి పురుగుల పుస్తకాన్ని ఇప్పటికీ తిరగేయక తప్పదు.

ఈ కుటుంబం మొత్తాన్ని కలిపేది మీసాలు అనుకుంటాం. నా దృష్టిలో అసలు సంగతి దవడలు. రెక్కలొచ్చిన పురుగు బతికేది కొద్ది వారాలు. దాని జీవితమంతా దాదాపు పిల్లపురుగుగా, కళ్లు కనపడని చీకట్లో, కర్ర తింటూ గడిచిపోతుంది. తెల్లటి మెత్తటి ఒళ్లు, కాళ్లు ఉన్నాయా లేవా అన్నట్టు ఉంటాయి. ముందువైపు మాత్రం ఉలిలాంటి నల్లటి దవడలు రెండు. ఈ ఊళ్లో దవడ విలువ ఒకరు చెప్పక్కర్లేదు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, దాన్ని ఏకులు చేసి, నూరో నంబరు నూలు తీసిన చేతులు ఇక్కడ ఉన్నాయి. పత్తిలోని సన్నదనాన్ని ఆ చిన్న చిన్న పళ్లే బయటికి తీస్తాయి. పత్తి అంటే సెల్యులోజు, కర్రలోనూ పెద్ద పాలు సెల్యులోజే. చేప దవడ పత్తి పోగుల్ని వరసగా పేరుస్తుంది. పురుగు దవడ ఆ సెల్యులోజు ఉన్న కర్రని తురిమి పొట్టు చేస్తుంది. పనులు వేరు, సరుకు ఒకటే.

కర్ర తిని బతకడం తేలిక కాదు. అందులో బలం తక్కువ, గట్టిదనం ఎక్కువ. చాలా జంతువులకి సెల్యులోజు అరగదు. ఆవుకి కూడా సొంతంగా అరగదు, కడుపులోని సూక్ష్మజీవులు అరిగించి పెట్టాలి. 2016లో ఆసియా మీసాల పురుగు జన్యుపటం అచ్చయినప్పుడు ఒక విచిత్రం బయటపడింది. కర్ర గోడల్ని విరగ్గొట్టే ఎంజైముల జన్యువుల్లో కొన్ని ఎప్పుడో సూక్ష్మజీవుల నుంచి ఈ వంశానికి చేరినవి. తాతల నాటి అప్పు సొంత ఆస్తి అయిపోయింది. అందుకే ఈ పురుగులు ఎండిన కర్రలో కూడా నెలలూ ఏళ్లూ నెట్టుకు రాగలవు.

ఇక మా తోట సంగతి. మాది ఇసుక నేల, జీడి, కొబ్బరి కలిసిన తోట. మా నాన్న నాటిన జీడి మొక్కలకు ఇరవై ఏళ్లు దాటేసరికి ఒక్కొక్కటే ఆకులు పసుపెక్కి, కొమ్మలు వట్టిపోయి ఎండడం మొదలెట్టాయి. "చెట్టుకి ఏటో రోగం తగిలిందిరా" అనేవాడు. చెట్టు మొదట్లో కూర్చుని చూస్తే రోగం కనబడేది. నేలకి మూరెడు ఎత్తు లోపల బెరడు పగుళ్లలోంచి బంక కారి గడ్డకట్టి ఉండేది. బంక కింద రంపపు పొట్టు, తడి తడిగా, ఎర్రగా. ఉలితో బెరడు లేపితే లోపల వంకర టింకర సొరంగాలు, పొట్టుతో కూరిపెట్టినవి. ఆ దారి పట్టుకుని తవ్వుకుంటూ పోతే ఒక చోట నా చూపుడు వేలంత పురుగు వెలుతురు తగిలి ముడుచుకుపోయింది.

తల్లిపురుగు బెరడు పగుళ్లలో బియ్యపు గింజలాంటి గుడ్లు పెడుతుంది. వారం లోపే పొదుగుతాయి. పిల్లపురుగు బెరడుకీ చేవకీ మధ్య, చెట్టుకి తిండీ నీళ్లూ నడిచే మెత్తటి పొరల్లో తిరుగుతుంది. ఆరేడు నెలలు తింటుంది. ఒకటి రెండయితే పెద్ద చెట్టు తట్టుకుంటుంది. చాలా చేరితే వాటి సొరంగాలు ఒకదానితో ఒకటి కలిసి చెట్టు మొదలు చుట్టూ వడ్డాణంలా తిరిగిపోతాయి. ఆ వడ్డాణం పూర్తయిన రోజున చెట్టు పని అయిపోయినట్టే. వేరులోకి దిగిన పురుగైతే కంటికి కనబడకుండానే ఆ పని చేస్తుంది.

మా నాన్న ఎండిన చెట్లు కొట్టించి, దుంగలు తోట గట్టున పేర్పించాడు. వానాకాలానికి వంటచెరుకు అవుతుందని. చెట్టు చచ్చింది కాబట్టి పురుగూ చచ్చిందని ఆయన నమ్మకం, అప్పట్లో అందరిదీ అదే. మరుసటి వేసవి ముందు ఆ దుంగల్లోంచి గుండ్రటి కన్నాలు చేసుకుని పురుగులు బయటకి వచ్చాయి. వాటికి పక్కనే పచ్చటి జీడి చెట్లు. మేమే కాపలా కాసి పెంచి, తలుపు తీసి వదిలినట్టయింది. రెండేళ్లలో ఆ గట్టు వైపు వరస మొత్తం పోయింది.

ఆ దుంగలు చీలుస్తుండగానే నాకు సున్నపు గూడు దొరికింది. దాని గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పనివ్వండి, మాస్టారు ఉంటే ఇక్కడే ఆగిపోయేవారు. గొడ్డలి దెబ్బకి చేవ విచ్చుకుంటే లోపల తెల్లటి గుడ్డులాంటిది పడుంది. కోడిగుడ్డు కన్నా చిన్నది, కోలగా ఉంది. గోటితో తడితే పెంకు చప్పుడు. పగలగొడితే లోపల పాలరంగు ప్యూపా, మీసాలు పొట్ట మీదుగా చుట్టుకుని నిద్రపోతున్న పాపలా ఉంది. ఆ పెంకు నిజంగానే సున్నం, కాల్షియం కార్బొనేటు. కర్ర తప్ప మరో తిండి ఎరగని పురుగు, కర్రలో లవలేశంగా ఉండే కాల్షియాన్ని నెలల తరబడి ఒంట్లో కూడబెట్టి, రెక్కలొచ్చే ముందు ఒక్కసారిగా కక్కి తనకి తానే గది కట్టుకుంటుంది. అందులో రెండు నెలల దాకా ఉంటుంది. ఫ్రెంచి పురుగుల పరిశీలకుడు ఫాబ్ర్, ఓక్ చెట్టులో ఉండే ఇలాంటి పెద్ద మీసాల పురుగు మీద రాస్తూ ఆ సున్నపు మూత గురించి అబ్బురపడ్డాడు. మరో సంగతి కూడా ఆయనే గమనించాడు. పెద్ద పురుగు గట్టి ఒంటితో సొరంగంలో వెనక్కి తిరగలేదు. అందుకని పిల్లపురుగు ముందే బయటికి దారి తొలిచి, బెరడు పలచగా మిగిల్చి, తల అటువైపు పెట్టి పడుకుంటుంది. రేపటి ఒంటికి ఎంత దారి కావాలో ఈనాటి ఒంటితో కొలిచి పెట్టడం అది. ఆ గూడు పెంకు ముక్క ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

సరే, దొంగ సంగతి అయింది. అడవిలో ఉద్యోగం మాటేమిటి?

జీడి మన చెట్టు కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు బ్రెజిల్ నుంచి మన పడమటి తీరానికి తెచ్చారు. తరవాత తూర్పు తీరపు ఇసుక నేలల్లో అది మన పంటే అయిపోయింది. పలాస, కాశీబుగ్గ పేరు చెబితే దేశమంతా జీడిపప్పు గుర్తొస్తుంది. పురుగు మాత్రం ఇక్కడిదే. జీడికి మన అడవుల్లో ముందునుంచీ చుట్టాలు ఉన్నాయి. మామిడి, సారపప్పు చెట్టు, గుంపెన, నల్లజీడి, అన్నీ ఒకే కుటుంబం. ఈ పురుగుల వంశం ఇలాంటి చెట్ల మానుల్లో ఎప్పటి నుంచో కాపురం చేస్తోంది. కొండ మీద అవి చెదురుమదురుగా ఉంటాయి. ఇక్కడొక ముసలి గుంపెన, అక్కడొక పిడుగు పడ్డ సార. పురుగుకి దొరికేవి ఆ ఒకటీ అరా. మనం ఏం చేశాం? ఎకరాల కొద్దీ ఒకే చెట్టు, ఒకే ఈడువి, కొమ్మ కొమ్మ తగిలేలా నాటాం. నేల కోతకి పోయి వేర్లు బయటపడినా, మొదట్లో తుప్ప పెరిగినా పిక్కల కాలం వస్తే తప్ప చూడలేదు. అడవిలో పది మైళ్లు వెతుక్కునే దానికి పందిరి వేసి వడ్డించాం. తప్పు పురుగులో ఎంత ఉందో తోట వేసిన తీరులోనూ అంత ఉందని నా అభిప్రాయం. నల్లతుమ్మని తొలిచే సెలోస్టెర్నా అనే మరో మీసాల పురుగు నీలగిరి తోటలు రాగానే అటు మళ్లింది. కథ అదే.

అడవిలో చచ్చిన చెట్టుని చూడండి. ఎండిన మాను రాయితో సమానం. బూజుకి, చెదకి, వానకి అంత తొందరగా లొంగదు. బెరడు గట్టిగా పట్టుకుని ఉన్నంత కాలం లోపలికి తోవ లేదు. ముందుగా ఆ తలుపు తీసేవాళ్లలో మీసాల పురుగులు ముఖ్యమైనవి. వాటి కన్నాల్లోంచి గాలి, తడి పోతాయి. వాటితోపాటు బూజు పోతుంది. పురుగు వదిలిన పొట్టు మీద ఇంకో పురుగు బతుకుతుంది. పిల్లపురుగుల కోసం వడ్రంగి పిట్ట వచ్చి ముక్కుతో తొలుస్తుంది. మెత్తబడిన మానులో ఆ పిట్ట తొలిచిన తొర్రలో మరుసటి ఏడు గోరింక, ఆ పై ఏడు రామచిలుక, ఇంకో ఏడు పగిడికంటె. పాత పురుగు కన్నాల్లో ఆకులు మడిచి గూళ్లు పెట్టుకునే తేనెటీగల జాతులున్నాయి. చీమలు, బల్లులు చేరతాయి. వెల్లకిలా వేస్తే టక్కుమని ఎగిరి నిలబడే పురుగు మీ అందరికీ తెలుసు, చిన్నప్పుడు ఆడుకున్నదే. దాని జాతిలో ఒకదాని పిల్ల సొరంగాల్లోకి దూరి మీసాల పురుగు పిల్లల్నే తింటుంది. ఇంత కాపురం నడిచాక ఆ మాను నేలలో కలుస్తుంది. చెట్టు డెబ్బై ఎనభై ఏళ్లు పోగుచేసుకున్న సారం తిరిగి మట్టికి చేరుతుంది. ఆ మట్టిలోనే కొండవాలు మీద కొత్త మొక్క మొలుస్తుంది. పొందూరు సన్న నూలుకి కొండపత్తి కావాలి. కొండపత్తికి కొండ మట్టి కావాలి. కాబట్టి ఈ లెక్క మనకి అంత దూరపుది కాదు.

ఈ మాట నా ఊహ కాదు. ఐరోపాలో ఫాబ్ర్ చూసిన ఆ ఓక్ పురుగు, సెరాంబిక్స్ సెర్డో, ముసలి ఓక్ చెట్లతో పాటే కరిగిపోతూ వచ్చింది. 2008లో యోర్న్ బూసే, ఆయనతో పాటు మరో ఇద్దరు కలిసి 'కన్సర్వేషన్ బయాలజీ' పత్రికలో ఒక పరిశోధన అచ్చువేశారు. ఆ పురుగు ఉన్న ఓక్ చెట్లలో, లేని చెట్ల కన్నా ఎక్కువ రకాల కర్రపురుగులు కనబడ్డాయి. అంతరించే దశలో ఉన్న జాతులు కూడా వాటిలోనే ఎక్కువ. ఒక పురుగు తనకోసం తొలుచుకున్న దారి పదిమందికి ఇల్లవుతోందన్నమాట. ఒకప్పుడు చెట్టుకి శత్రువని వెంటాడిన ఆ పురుగుని ఐరోపా దేశాలు 1992 చట్టంలో రక్షించాల్సిన జీవుల జాబితాలో చేర్చుకున్నాయి.

మన దగ్గర అలాంటి కథ గుగ్గిలం చెట్టుది. ఉత్తరాదివాళ్లు సాల్ అంటారు. మధ్య భారతం నుంచి ఒడిశా మీదుగా దిగి వచ్చిన ఆ చెట్టు తూర్పు కనుమల్లో దక్షిణపు అంచుకు చేరేది మన మన్యం కొండల వైపే. దాని చేవని తొలిచేది హోప్లోసెరాంబిక్స్ స్పినికార్నిస్. మామూలు రోజుల్లో ఇది ముసలివి, గాయపడ్డవి, దెబ్బతిన్నవి ఏరుకుని వాటి పని ముగిస్తుంది. అడవి తనని తాను బాగుచేసుకునే పద్ధతిలో అదొక భాగం. కానీ 1990ల చివర్లో మధ్యప్రదేశ్‌లో మండ్ల వైపు అడవుల్లో అది విరగబడి లక్షల చెట్లని పట్టింది. అప్పుడు వాడిన ఉపాయం నాకు మరీ నచ్చుతుంది. తొలకరి వానలకి పురుగులు బయటపడే వేళకి ఒక గుగ్గిలం చెట్టుని కొట్టి, ముక్కలు చేసి, బెరడుని సుత్తితో చితగ్గొట్టి వదిలేవారు. ఆ రసం వాసనకి పురుగులు గుంపులుగా వచ్చి వాలేవి. ఆదివాసులు వాటిని చేత్తో ఏరి, లెక్కపెట్టి కూలి తీసుకునేవారు. అడవంతా మందు చల్లకుండా, పురుగు నైజం తెలుసుకుని పట్టే పద్ధతి.

ఆ పురుగు పనివాడుగా ఉండడం మానేసి దండుగా ఎందుకు మారింది అన్నది మనం ఆలోచించాల్సింది. చెట్లు బలహీనపడితే, కొట్టిన దుంగలు అక్కడే పడేస్తే, దాన్ని తినే పిట్టలు తగ్గితే మారుతుంది. ఊరు మారితే కూడా మారుతుంది. చైనా నుంచి సరుకుల చెక్కపెట్టెల్లో వెళ్లిన ఆసియా మీసాల పురుగు 1996లో న్యూయార్కులో కనబడింది. అక్కడ వీధి వీధికీ చెట్లు కొట్టాల్సి వచ్చింది. అందుచేత పురుగు మంచిదా చెడ్డదా అని నన్ను అడగకండి, ఎక్కడ ఉంది, దానితో పాటు ఇంకా ఎవరెవరు ఉన్నారు అని అడగండి.

ఇప్పుడు మన జిల్లా సంగతి చెప్పి ముగిస్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో ఒక్క రాత్రిలో తోటలు నేలమట్టం అయ్యాయి. కూలినవి కూలగా, సగం వేర్లు తెగి నిలబడినవి, కొమ్మ చీలి గాయంతో మిగిలినవి కూడా చాలా ఉన్నాయి. గాయపడ్డ చెట్టంటే తొలుపు పురుగుకి పిలుపు. తుపాను మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు. వచ్చిన ప్రతిసారీ, కూలిన మానుని రెండు నెలల్లోపు తోటలోంచి తీసెయ్యండి. తీసి గట్టున పేర్చకండి. చీల్చి వాడెయ్యండి, లేదా దూరం పంపండి. మా నాన్న చేసిన పొరపాటు మీరు చెయ్యకండి.

జీడి తోట ఉన్నవాళ్లు జనవరి నుంచి మే దాకా, పిక్కలు ఏరే రోజుల్లోనే, వారానికోసారి మొదట్లో కూర్చుని చూడండి. బంక, పొట్టు కనబడితే అప్పుడే ఉలి పట్టండి. పురుగుని తీసి, ఆ చోట వేపనూనె పూయండి. తారు, కిరోసిను 1:2 పాళ్లలో కలిపి మొదట్లో మీటరు ఎత్తు దాకా పూసే పద్ధతి మన రాష్ట్రంలో ఎప్పటి నుంచో ఉంది. మొదలు చుట్టుకొలతలో సగానికి పైగా బెరడు పోయి, ఆకులు పసుపెక్కిన చెట్టు మీద ఆశ పెట్టుకోకండి. దాన్ని ఉంచితే పక్క చెట్లు పోతాయి. మరీ ముదిరాక మందుకి డబ్బు తగలెయ్యడం కన్నా ముందుగా ఒక గంట వంగి చూడడం మేలు.

కొండ మీద మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా నడుచుకోవాలి. అక్కడ నిలువునా ఎండిన ఒక్క మానుని కూడా పనికిరానిదని లెక్కగట్టి దింపకండి. వంటచెరుక్కి రాలిన కొమ్మలున్నాయి. గ్రామదేవత తోపుల్లో, చెరువు గట్ల మీద ఎండిన చెట్టు ఒకటి కనబడితే, అది ఎవరి నెత్తినా పడే చోట లేకపోతే, వదిలెయ్యండి. అటవీ అధికారులు ఎవరైనా ఈ సభలో ఉంటే వాళ్లకీ ఇదే నా విన్నపం. తోటలో ఆ పురుగుని వెతికి తీసెయ్యాలి, అడవిలో దానికో మాను మిగల్చాలి. రెండు పనులూ చెయ్యగలిగిన వాళ్లమే మనం.

ఈ ఊరి బడిలో సైన్సు చెప్పే అయ్యవార్లకి ఇంకొక్క మాట. ఎండిన మాను ఒకటి చూసుకుని, ఏడాది పొడుగునా నెలకోసారి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఏ కన్నంలో ఏది ఉందో వాళ్ల చేత రాయించండి. మీసాల పురుగు దొరికితే ఒకసారి వాళ్ల చెవి దగ్గర పెట్టండి.